కాల్వ కట్టల మీది బతుకులకు ఈత ఎవరు నేర్పాలి?

స్విమ్మింగ్ పూల్ అంటే మన పట్టణాల్లో ఇంకా ఒక విలాసం. వేసవి సెలవుల్లో ఫీజు కట్టగలిగిన వాళ్ల పిల్లలు నెల రోజులు వెళ్లొచ్చే చోటు, లేకపోతే గేటెడ్ కాలనీ బ్రోచర్‌లో కనిపించే నీలం నీళ్లు. దళిత ఉద్యమాల ఎజెండాలో దానికి చోటు లేకపోవడం సహజమే అనిపిస్తుంది. భూమి, ఉద్యోగం, ఆత్మగౌరవం, దాడుల కేసులు ఇన్ని ఉండగా ఈత గురించి మాట్లాడేదెవరు? కానీ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఈ ప్రశ్నను ఇంకోలా అడగాలి. ఇక్కడి బతుకులు కాల్వ కట్టల మీద, చెరువు అలుగుల కింద, వాగుల పక్కన నడుస్తున్నాయి. ఈత రావడం రాకపోవడం ఇక్కడ ప్రాణం సంగతి. ఆ ఈతను ఎవరు నేర్పుతారు, ఎవరికి నేర్పుతారు, ఆ పనికి జీతం ఎవరికి దక్కుతుంది అన్నది కులం సంగతి.

ప్రభుత్వం ఈత కొలను అనగానే శంకుస్థాపన, టైల్స్, ప్రారంభోత్సవం గురించి ఆలోచిస్తుంది. కొలను తవ్వించిన కాంట్రాక్టర్‌కు బిల్లు వస్తుంది. మరుసటి రోజు నుంచి నీళ్ల పక్కన విజిల్ పట్టుకుని నిలబడే మనిషి జీతానికి మాత్రం పద్దు ఉండదు. ఈ వ్యాసం ఆ పద్దు గురించే.

నీళ్లు వచ్చిన చోటే నీళ్ల చావులు

1967లో నాగార్జునసాగర్ నుంచి నీళ్లు వదిలాక ఎడమ కాల్వ ఈ ప్రాంతం రూపు మార్చేసింది. మొదట్లో 11 వేల క్యూసెక్కులు పారేలా కట్టిన ఈ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, మునగాల, కోదాడ ప్రాంతాల మీదుగా పాలేరు వైపు సాగుతుంది. సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు కాల్వలు, శ్రీరాంసాగర్ రెండో దశ కాల్వలు ఉన్నాయి. నీళ్లతో పాటు వరి వచ్చింది, మిర్యాలగూడకు రైస్ మిల్లులు వచ్చాయి, భూముల ధరలు పెరిగాయి. భూమి లేని దళిత కుటుంబాలకు ఈ కాల్వ ఇచ్చింది ప్రధానంగా కూలి. నాట్లు, కలుపు, కోతలు, మిల్లుల్లో హమాలీ పని. ఆ కూలికి పోయే దారి కాల్వ కట్టే. బట్టలు ఉతికేది, పశువులను కడిగేది, ఎండాకాలం పిల్లలు దూకేది కూడా అక్కడే.

ఉమ్మడి నల్గొండ జిల్లా రెండు ఘోరాలను ఒకే ఏడాదిలో చూసింది. 2018 ఏప్రిల్ 6న పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ కాల్వలో పడి తొమ్మిది మంది మహిళలు చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మరో కూలీల ట్రాక్టర్ మూసీ కాల్వలో బోల్తా పడి 15 మంది పోయారు. వాళ్లలో అత్యధికులు మహిళలే. 2019 అక్టోబర్‌లో నడిగూడెం మండలం చాకిరాల దగ్గర ఎడమ కాల్వలోకి కారు దూసుకెళ్లి ఆరుగురు మరణించారు. 2024 సెప్టెంబర్ మొదట్లో కురిసిన కుండపోతకు కోదాడ మునిగింది. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర అదే కాల్వకు గండి పడింది.

ట్రాక్టర్ కింద ఇరుక్కున్న వాళ్లను, తలుపులు బిగుసుకున్న కారులో ఉన్న వాళ్లను ఈత కాపాడుతుందని చెప్పడం లేదు. ఆ చావులకు రెయిలింగ్ లేని కట్ట, మలుపులో లేని హెచ్చరిక, కూలీలను సరుకులా ఎక్కించుకునే రవాణా కారణం. అయితే ఇలాంటి ప్రమాదాలు మాత్రమే పత్రికల మొదటి పేజీకి ఎక్కుతాయి. బిందె ముంచుతూ కాలు జారిన అమ్మాయి, మునుగుతున్న తమ్ముడి కోసం దూకిన అన్న జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్తే అవుతారు. ఈత, రక్షణ నైపుణ్యం నేరుగా పనికొచ్చేది ఈ నాలుగు వాక్యాల చావుల్లోనే.

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో నీట మునిగి చనిపోయిన వాళ్లు 38 వేల మందికి పైనే. ఆ నివేదిక ప్రమాద మరణాలను వయసు వారీగా, స్త్రీ పురుషుల వారీగా విడదీస్తుంది. కులం వారీగా విడదీయదు. దళితుల మీద నేరాలకు ప్రత్యేక పట్టిక ఉంది, ప్రమాదాలకు లేదు. ప్రమాదానికి కులం ఉండదన్నది ఆ పట్టిక వెనక ఉన్న నమ్మకం. కాల్వ పక్కన ఇల్లు ఎవరిది, నడుము లోతు నీళ్లలో పని ఎవరిది, కట్ట మీద ట్రాక్టర్ ట్రాలీలో ప్రయాణం ఎవరిది అని అడిగితే ఆ నమ్మకం నిలబడదు. 2018లో మొదలైన రైతు బీమా కూడా పట్టాదారు పాసుపుస్తకం ఉన్న రైతుకే. అదే పొలంలో నాటు వేసి తిరిగొస్తూ మునిగిపోయిన భూమిలేని కూలికి ఆ 5 లక్షలు వర్తించవు.

బావి ఎవరిది, ఈత ఎవరిది

తెలంగాణ పల్లెల్లో ఈత నేర్పే బడి వ్యవసాయ బావి. నడుముకు ఎండు సొరకాయో, బెండ్లో, ఖాళీ డబ్బానో కట్టి పెద్దవాళ్లు పిల్లలను బావిలోకి తోసేవాళ్లు. ఈ జ్ఞాపకం మన కథల్లో, సినిమాల్లో ఎంతో మురిపెంగా కనిపిస్తుంది. కానీ ఆ బావికి ఒక పట్టాదారు ఉండేవాడు. ఎవరి పిల్లలు దూకితే బావి మైల పడుతుందో ఊరికి తెలుసు. వాడ పిల్లలకు మిగిలింది వాగు, చెరువు, ఆ తర్వాత కాల్వ. ఆడపిల్లలకు అదీ లేదు. తర్వాత బోర్లు వచ్చి వ్యవసాయ బావులు ఎండిపోయాయి. భూమి ఉన్నవాళ్ల పిల్లలు పట్టణంలో ఫీజు కట్టే కొలనుకు మారారు. వాడ పిల్లలు పారే కాల్వ దగ్గరే ఆగిపోయారు.

ఈ కాల్వ పాత వాగు లాంటిది కాదు. వాగుకు ఒడ్డు ఉంటుంది, కాలు ఆనుతుంది. లైనింగ్ చేసిన కాల్వకు వాలుగా సిమెంటు గోడ, దాని మీద పాచి ఉంటాయి. మంచి ఈతగాడైనా పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. 2010లో ప్రపంచ బ్యాంకు రుణంతో సాగర్ ఆధునీకరణ మొదలైనప్పుడు నీటి వృథా గురించి, చివరి ఆయకట్టు గురించి చాలా లెక్కలు వేశారు. కాల్వ పక్కన బతికే మనిషి పడితే పట్టుకోవడానికి ఎంత దూరానికి ఒక మెట్ల వరుస, ఎంత దూరానికి ఒక గొలుసు అన్నది కూడా ఆ లెక్కల్లో ఉండాల్సిన అంశమే.

నీటికీ కులానికీ ఉన్న ఈ ముడి దళిత ఉద్యమానికి కొత్తది కాదు. ప్రభుత్వ డబ్బుతో నడిచే చెరువులు, బావులు అందరికీ తెరవాలని బొంబాయి శాసన మండలి 1923లో తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ మరుసటి ఏడాది చౌదార్ చెరువును తెరిచినట్టు ప్రకటించింది. అయినా 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాది మందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు దోసిట పట్టేదాకా ఆ తీర్మానం కాగితమే. 1985లో కారంచేడు మారణకాండకు దారి తీసిన గొడవ మొదలైంది కూడా మాదిగపల్లె తాగునీటి చెరువు దగ్గరే. రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నాన ఘట్టాలను పేరు పెట్టి చెప్పింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ వాటి వాడకాన్ని అడ్డుకోవడాన్ని నేరంగా చేర్చింది. హక్కు రాసి ఉంది. రాసి ఉన్న హక్కుకూ నీళ్లలో దిగిన ఒంటికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మహద్ అప్పుడే చూపించింది.

ఇవాళ ఆ దూరం పేరు నెలసరి ఫీజు, సభ్యత్వ కార్డు, సరైన స్విమ్ సూట్, పట్టణానికి బస్సు చార్జీ. "అందరికీ ప్రవేశం" అన్న బోర్డు కింద ఇవన్నీ ఉంటాయి.

అమెరికా అనుభవం ఈ విషయంలో మనకు పాఠం. అక్కడ 1920లు, 30లలో వందల కొద్దీ మునిసిపల్ కొలనులు కట్టారు. ఎక్కువ చోట్ల నల్లవాళ్లను రానివ్వలేదు. కోర్టులు తప్పు పట్టి అందరికీ తెరవమంటే, మిసిసిపి రాష్ట్రంలోని జాక్సన్ నగరం మొత్తానికి కొలనులనే మూసేసింది. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో ఆ మూసివేతను సమర్థించింది. తెల్లవాళ్లు ప్రైవేటు క్లబ్బుల కొలనులకు వెళ్లిపోయారు. ఈత రాని తల్లిదండ్రులకు ఈత రాని పిల్లలు పుట్టారు. నల్ల పిల్లల్లో 64 శాతం మందికి ఈత రాదని, లేదా అంతంత మాత్రమే వచ్చని 2017లో అక్కడి ఈత సమాఖ్య చేయించిన అధ్యయనం తేల్చింది. తెల్ల పిల్లల్లో అది 40 శాతం. గేటు తెరిచినంత మాత్రాన తరాల లోటు తీరదు. లోటు ఉన్న వాళ్ల దగ్గరికి నేర్పే మనిషి వెళ్లాలి.

విజిల్ ఎవరి చేతిలో

ఇప్పుడు సిబ్బంది దగ్గరికి వద్దాం. ప్రభుత్వ కొలను నడపడానికి మన దగ్గర అలవాటైన దారులు రెండు. ఒకటి, టెండర్ పెట్టి ప్రైవేటు వాళ్లకు అప్పజెప్పడం. అప్పుడు ఫీజు కట్టే వాళ్ల సౌకర్యమే సమయపట్టిక అవుతుంది. రెండోది, ఒక కోచ్‌ను, ఒక వాచ్‌మన్‌ను పెట్టి నడిపించడం. కోచ్ అంటే పటియాలా జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉన్న మనిషి. పతకాలు తెచ్చే పిల్లలను తయారు చేయడం ఆయన శిక్షణ. వందల మంది సాధారణ పిల్లలకు తేలడం, ఊపిరి పట్టడం, 25 మీటర్లు ఈది ఒడ్డు చేరడం నేర్పడం వేరే పని. దానికి వేరే మనుషులు కావాలి.

ఈ పనిని భారీ ఎత్తున చేసి చూపించింది మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్. అక్కడి స్విమ్‌సేఫ్ కార్యక్రమం టైల్స్ కొలనుల కోసం ఎదురు చూడలేదు. ఊరి చెరువులో వెదురుతో నీటి అడుగున ఒక వేదిక కట్టి, చుట్టూ కంచె పెట్టి, ఆ ఊరి యువతీయువకులకే శిక్షణ ఇచ్చి పిల్లలకు ఈత నేర్పించింది. ఈత నేర్చుకున్న పిల్లల్లో మునిగి చనిపోయే ప్రమాదం 90 శాతానికి పైగా తగ్గిందని 2012లో అచ్చయిన పరిశోధన చూపించింది. 2022లో అక్కడి ప్రభుత్వమే ఆ పద్ధతిని తన పథకంగా చేపట్టింది. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఈత, నీటి భద్రత నేర్పాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసుల్లో ఒకటి. మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2023 డిసెంబర్‌లో మునక నివారణకు ఒక జాతీయ కార్యాచరణ పత్రం విడుదల చేసింది. పత్రం ఉంది, పట్టణంలో పోస్టు లేదు.

మన దగ్గర ఆ పోస్టులకు అర్హులు ఇప్పటికే ఉన్నారు. కాల్వలో ఎవరైనా పడ్డారంటే పోలీసులు మొదట కబురు పెట్టేది గజ ఈతగాళ్లకే. వాళ్లు ఎక్కువగా బెస్త, గంగపుత్ర, ముదిరాజ్ కులాల మత్స్యకారులు. శవం తీసి ఒడ్డున పెట్టాక చేతిలో ఎంతో కొంత పెడతారు. ఫోటోలో పేరు ఉండదు, గుర్తింపు కార్డు ఉండదు, బీమా ఉండదు. చనిపోయాక వెతకడానికి పనికొచ్చిన నైపుణ్యం, చావకుండా నేర్పడానికి ఎందుకు పనికిరాదు? వాళ్లతో పాటు కాల్వ పక్క వాడల్లో ఇంటర్, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న దళిత యువతీయువకులను తీసుకుని, పిల్లలకు నేర్పే పద్ధతి, ప్రథమ చికిత్స, గుండె ఆగినప్పుడు చేయాల్సిన సీపీఆర్‌లో శిక్షణ ఇస్తే సిబ్బంది తయారవుతారు. ఒక డిప్లొమా కోచ్ వాళ్లకు శిక్షకుడిగా ఉంటే చాలు.

ఖర్చు లెక్క వేసి చూద్దాం. ఒక శిక్షకురాలు ఒక విడతలో ఐదుగురు పిల్లలను చూసుకోగలదనుకుందాం. రోజుకు నాలుగు విడతలు, నెలకు ఒక బృందం అంటే నెలకు 20 మంది. ఏడాదిలో పది నెలలకు 200 మంది. ఐదుగురు శిక్షకులుంటే ఏడాదికి 1,000 మంది పిల్లలు. వాళ్లతో పాటు వంతుల వారీగా ముగ్గురు లైఫ్‌గార్డులు, ఫిల్టర్ ప్లాంట్ చూసే ఒక ఆపరేటర్, ఇద్దరు పారిశుధ్య కార్మికులు, బడులను, హాస్టళ్లను కలిపే ఒక సమన్వయకర్త. మొత్తం 12 మంది. 2021 నాటి జీవో 60 అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి 15,600, 19,500, 22,750 రూపాయల మూడు స్థాయిలు పెట్టింది. కార్మికులకు మొదటిది, సమన్వయకర్తకు మూడోది, మిగతా తొమ్మిది మందికి రెండోది వేస్తే నెలకు 2,29,450 రూపాయలు. ఏడాదికి 27.5 లక్షలు. ఒక పిల్లకు సుమారు 2,750 రూపాయలు. మూడు పట్టణాలకు కలిపి 83 లక్షలు దాటదు. ఈ జీతాలు చాలీచాలనివే, పెంచాల్సినవే. రెట్టింపు చేసినా రెండు కోట్ల లోపే. ఎస్సీ సంక్షేమం కింద 2025-26 రాష్ట్ర బడ్జెట్ చూపిన మొత్తం 40,232 కోట్లు.

సిబ్బంది సంఖ్య ఎంత ముఖ్యమో, ఏ పని ఎవరికి అన్నది అంత ముఖ్యం. జాగ్రత్త పడకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కోచ్, సమన్వయకర్త ఊరి పెద్దకులాల నుంచి, చీపురు, క్లోరిన్ డబ్బా మాల మాదిగల చేతికి. మునిసిపాలిటీల్లో పారిశుధ్యం ఎవరి చేతుల మీద నడుస్తున్నదో మనకు తెలుసు. అందుకే అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ ఇష్టానికి వదలకుండా ప్రతి పోస్టు స్థాయిలోనూ రోస్టర్ పాటించాలి. 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణ కూడా ఆ రోస్టర్‌లో కనిపించాలి. లేకపోతే 12 పోస్టుల చిన్న జాబితాలో వెనకబడిన ఉపకులాల వంతు ఎప్పటికీ రాదు. క్లోరిన్ కలిపే మనిషికి గ్లౌజులు, మాస్కు, శిక్షణ ఇవ్వాలి. నీళ్లలో క్లోరిన్ మోతాదు, పీహెచ్ రోజూ పరీక్షించి బోర్డు మీద రాయడం నైపుణ్యం ఉన్న పని. దానికి ఆ పేరే ఉండాలి, ఆ జీతమే ఉండాలి.

ఐదుగురు శిక్షకుల్లో కనీసం ముగ్గురు స్త్రీలు కావాలి. స్త్రీ శిక్షకులు లేని కొలనుకు ఆడపిల్లలను ఏ తల్లీ పంపదు. పొట్టి బట్టలే వేయాలన్న నిబంధన పెట్టకుండా ఒంటికి అతుక్కునే నైలాన్ ప్యాంటు, టీషర్టు చాలనాలి, అవి కూడా కార్యక్రమమే ఇవ్వాలి. 2018 సెప్టెంబర్ 14న ప్రణయ్ హత్య జరిగిన పట్టణం మిర్యాలగూడ. వేర్వేరు కులాల పిల్లలు కలిసే ప్రతి చోటు మీదా ఇక్కడ కుటుంబాల, కులాల నిఘా ఉంది. ఒకే నీళ్లలో అందరూ దిగే చోటు మీద అది ఇంకా ఎక్కువ ఉంటుంది. ఆ నిఘాకు భయపడి మాకు వేరే సమయం ఇస్తామంటే ఒప్పుకోకూడదు. ఆడపిల్లలకు ప్రత్యేక సమయం వేరు, వాడ పిల్లలకు ప్రత్యేక సమయం వేరు. మొదటిది సౌకర్యం, రెండోది అంటరానితనం.

విస్తరణ ఏ దిక్కుకు

కొలను విజయవంతమైతే విస్తరణ అంటారు. మామూలుగా దాని అర్థం పక్క కాలనీలో ఇంకో కొలను. ఆ దిక్కు మార్చాలి. మొదట, కాల్వకు దగ్గరగా ఉన్న ఎస్సీ వాడలు, తండాలు. అక్కడికి బస్సు పంపి పిల్లలను తేవాలి, లేదా బంగ్లాదేశ్ తరహాలో ఊరి చెరువులోనే కంచె వేసిన వేదిక కట్టాలి. సూర్యాపేట సద్దల చెరువును మినీ ట్యాంక్‌బండ్‌గా మార్చగలిగిన రాష్ట్రానికి ఊరి చెరువులో వెదురు వేదిక అసాధ్యం కాదు. రెండోది, గురుకులాలు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన పూర్ణ, ఆనంద్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. ఆ సంస్థల పిల్లల సత్తా మీద ఎవరికీ అనుమానం అక్కర్లేదు. ఇద్దరిని శిఖరానికి పంపిన వ్యవస్థ ప్రతి పిల్లకూ 25 మీటర్ల ఈతను తప్పనిసరి పాఠంగా పెట్టగలదు. మూడోది, కూలి మహిళలు. వాళ్లకు సాయంత్రం పూట పది పాఠాలు: నీళ్లలో వెల్లకిలా తేలడం, మునుగుతున్న వాళ్ల కోసం దూకకుండా చీరో తాడో విసిరి లాగడం. కాపాడబోయి చనిపోయే వాళ్లను ఆపేది ఈ రెండో పాఠమే.

నిధుల దగ్గర ఒక ప్రమాదం ఉంది. 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఖర్చు కాని డబ్బును మరుసటి ఏడాదికి తీసుకెళ్లమంటుంది. అది ఆ చట్టంలో మంచి అంశం. కానీ అందరికీ పనికొచ్చే రోడ్డులో, భవనంలో దళితుల వాటా ఇంత అని కాగితం మీద చూపించే అలవాటు పోలేదు. పట్టణం నడిబొడ్డున కొలను కట్టి దాని బిల్లులో కొంత ఈ నిధి నుంచి తీసే ప్రయత్నం జరిగితే అడ్డుకోవాలి. కట్టడం ఖర్చు మునిసిపాలిటీది, క్రీడా శాఖది. ప్రత్యేక నిధి నుంచి ఖర్చు పెట్టదగింది వాడ పిల్లల శిక్షణ, రవాణా, గురుకులాల విస్తరణ మాత్రమే. ఆ ఖర్చుకు పేరు పేరునా లెక్క ఉంటుంది.

ఈత నేర్పిస్తామంటే, పడితే మీ తప్పే అనే మాట వెనకాలే వస్తుంది. అందుకే ఈత డిమాండ్‌ను కాల్వ భద్రత డిమాండ్‌తో కలిపే పెట్టాలి. కట్టల మీద రెయిలింగ్, లైనింగ్‌లో మెట్లు, గొలుసులు, రేవుల దగ్గర తాళ్లు, గాలి ట్యూబులు నీటిపారుదల శాఖ బాధ్యత. కూలీలకు సురక్షిత రవాణా రవాణా, కార్మిక శాఖల బాధ్యత. ఈత ఈ బాధ్యతలకు బదులు కాదు. ఇవన్నీ ఉన్నా జారిపడే ఒక క్షణం కోసం అది.

విద్యార్థి సంఘాలు ఈ వారమే మొదలు పెట్టగలిగిన పని ఒకటుంది. మూడు పట్టణాల మునిసిపల్ కమిషనర్లకు, రెండు జిల్లాల యువజన క్రీడా అధికారులకు సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి. ఈత శిక్షణకు గత ఐదేళ్లలో కట్టడానికి ఎంత, జీతాలకు ఎంత ఖర్చయింది? శిక్షకులు, లైఫ్‌గార్డులు ఎంతమంది, అందులో స్త్రీలు, ఎస్సీ, ఎస్టీలు ఎంతమంది? ఫీజు మినహాయింపు ఎంతమంది పిల్లలకు దక్కింది? పోలీసు శాఖను ఇంకో మాట అడగండి: కాల్వలు, చెరువుల్లో మునిగి చనిపోయిన వాళ్ల వయసు, ఊరు, సామాజిక వర్గం ఏమిటి? సామాజిక వర్గం నమోదు చేయలేదని జవాబు వస్తే ఆ కాగితం దాచిపెట్టుకోండి. నమోదు చేయండని అడిగే వినతిపత్రానికి అదే మొదటి జత కాగితం.